గోడ చేసిన పని

వంటింటికీ హాలుకూ మధ్య గోడను పడగొట్టడానికి మేస్త్రీకి ఒక్క పూట చాలు. అది బరువు మోసే గోడ కాదని ఇంజినీరు చెప్పిన తర్వాత అడ్డేమీ ఉండదు. పాత ఫ్లాటును బాగుచేయించుకునే చాలామంది ఇప్పుడు ఈ మార్పు కోరుతున్నారు. ఇంట్లోకి వెలుతురు వస్తుంది. వంటచేసే మనిషి నలుగురికీ దూరంగా ఒక గదిలో మగ్గక్కర్లేదు. పిల్లల చదువు మీద ఓ కన్నేసి కూర కలుపుకోవచ్చు. ఇవన్నీ మంచి కారణాలే. అయితే ఆ గోడ ఇన్నేళ్లూ ఊరికే నిలబడలేదు. పొగను, ఆవిరిని, వేడిని, చప్పుడును ఒక గదిలోనే ఆపి ఉంచింది. గోడ పోయాక ఈ నాలుగు పనులూ యంత్రాల మీద పడతాయి. కాబట్టి కొత్త వంటింటికి ఏ యంత్రం కొనబోయినా ముందు అడగవలసింది ఒకటే: గోడ చేసిన పనిలో ఇది ఎంత పంచుకుంటుంది?

వంటిల్లు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న పాతదే. మన పాత ఇళ్లలో వంటిల్లు వెనక భాగంలో ఉండేది. పెరట్లోకి తలుపు, పొయ్యికి పైన పొగగూడు ఉండేవి. ఆధునిక మాడ్యులర్ వంటిళ్లకు ఆదిరూపంగా చెప్పే ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్‌ను ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షుట్టె-లిహోత్స్కీ 1926లో రూపొందించారు. దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు ఉన్న ఆ చిన్న గదికీ, ముందుగదికీ మధ్య జరిపే తలుపు ఉండేది. అమెరికాలో వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆ దారిన పోలేదు. మాడిసన్‌లో 1937లో పూర్తయిన జేకబ్స్ ఇంట్లో వంటచోటును భోజనాల చోటుతో కలిపేశాడు. కానీ ఆ వంటచోటు పైకప్పును మిగతా ఇంటికన్నా ఎత్తుగా లేపి, పైన కిటికీలు పెట్టాడు. గోడ తీస్తే వేడిగాలికి మరో దారి చూపించాలని ఆయనకు తెలుసు. మన ఫ్లాట్లలో పైకప్పు లేపే వీలు లేదు. ఆ దారిని మనం యంత్రాలతోనే వేసుకోవాలి.

పోపు పెట్టే అర నిమిషం

మూకుడులో రెండు చెంచాల నూనె కాగింది. ఆవాలు వెయ్యగానే చిటపటలాడతాయి. ప్రతి ఆవగింజలోనూ కాస్త తడి ఉంటుంది. చుట్టూ ఉన్న నూనె 160, 180 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ఆ తడి ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరయిన నీరు దాదాపు 1,700 రెట్ల చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి గింజ పగిలి చుట్టూ ఉన్న నూనెను తుంపర్లుగా చిమ్ముతుంది. కరివేపాకు రెబ్బ పడేసరికి దాని తడికి మరో విడత లేస్తుంది.

ఇలా లేచిన నూనెలో రెండు రకాలున్నాయి. కంటికి కనబడే పెద్ద తుంపర్లు స్టవ్ చుట్టూనే పడి జిడ్డవుతాయి. వాటిని గుడ్డతో తుడిచేయవచ్చు. రెండో రకం కనబడదు. కాగిన నూనె నుంచి లేచిన ఆవిరి పైన చల్లగాలి తగిలి మైక్రాన్ కన్నా చిన్న బిందువులుగా గడ్డకడుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కదలని గాలిలో మనిషి ఛాతీ ఎత్తు నుంచి 100 మైక్రాన్ల బిందువు ఆరేడు సెకన్లలో నేలకు చేరుతుంది. 10 మైక్రాన్లదానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్‌దానికి దాదాపు 12 గంటలు కావాలి. పొద్దున్న పెట్టిన పోపు వాసన సాయంత్రం సోఫా గుడ్డలో తగలడానికి కారణం ఇదే. ఆ బిందువులు నేలకు దిగకుండా ఇల్లంతా తిరిగి, దొరికిన గుడ్డకల్లా అంటుకుంటాయి.

ఎండుమిరపకాయలు వేగినప్పుడు వచ్చే దగ్గు కూడా ఈ బిందువుల పనే. మిరపలోని కాప్సైసిన్ అంత తేలికగా ఆవిరయ్యే పదార్థం కాదు. అది నూనె బిందువుల మీదెక్కి గొంతులోకి వస్తుంది. అక్కడ నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తడుతుంది. అది 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకం కూడా కాబట్టి శరీరానికి అది మంటలాగే తోస్తుంది. దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఈ సన్న బిందువులే వాయు కాలుష్యం గురించిన వార్తల్లో పీఎం 2.5 అన్న పేరుతో కనిపిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఇవి 15 మైక్రోగ్రాములు మించకూడదు. వేపుడు జరుగుతున్న వంటింట్లో కాసేపటికే ఈ అంకె వందల్లోకి పోతుంది. గోడ ఉన్నప్పుడు ఆ గాలిని ఎక్కువగా పీల్చింది వంటచేసే మనిషి. గోడ తీశాక ఇంట్లోవాళ్లందరూ పీలుస్తారు.

చిమ్నీ: ముందు పట్టాలి, తర్వాత లాగాలి

దుకాణంలో చిమ్నీ గురించి మొదట చెప్పే అంకె గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి లాగుతుందన్నది. 1,200, 1,400 అంటూ పెద్ద అంకెలు వినిపిస్తాయి. అది సాధారణంగా గొట్టం అడ్డు లేనప్పటి అంకె. బిగించిన తర్వాత అంత గాలి పోదు. దానికన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. దీపాన్ని రెండడుగుల దూరం నుంచి ఊది ఆర్పగలం. ఎంత గట్టిగా పీల్చినా అంత దూరం నుంచి ఆర్పలేం. ఊదిన గాలి ఒకే దిక్కుకు ధారగా పోతుంది, పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది. అందుకే పీలుపు వేగం దూరం రెట్టింపయితే దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. దూరంగా ఉన్న పొగను చిమ్నీ వెతికి లాక్కోలేదు. మూకుడు నుంచి తనంతట తాను పైకి లేచే వేడిగాలి స్తంభం నేరుగా దాని నోట్లోకి రావాలి. వచ్చినదాన్ని బయటికి పంపడమే దాని పని.

అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ఇళ్లలో బిగించి ఉన్న ఇలాంటి యంత్రాలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. పొయ్యి మీద పుట్టినదాంట్లో కొన్ని 98 శాతానికి పైగా పట్టాయి. కొన్ని 15 శాతం కూడా పట్టలేకపోయాయి. ముందు బర్నర్ కన్నా వెనక బర్నర్ మీద వండితే ఎక్కువగా పట్టాయి. దీన్నిబట్టి కొన్ని నియమాలు వాటంతటవే తేలతాయి. స్టవ్ కన్నా చిమ్నీ వెడల్పుగా ఉండాలి. 60 సెంటీమీటర్ల స్టవ్‌కు 75 లేదా 90 సెంటీమీటర్లది నయం. ఎత్తు తయారీదారు చెప్పిన హద్దులోనే ఉండాలి; గ్యాసు స్టవ్‌కు సాధారణంగా 65 నుంచి 75 సెంటీమీటర్లు. వేపుడు, పోపు వెనక బర్నర్ మీద పెట్టుకోవాలి.

తెరిచిన వంటింట్లో ఇంకో శత్రువుంది. అది సీలింగ్ ఫ్యాను. భోజనాల బల్ల మీద తిరిగే ఫ్యాను గాలి అడ్డంగా వచ్చి పొగ స్తంభాన్ని వంచేస్తుంది. గది మధ్యలో ఐలాండ్ మీద స్టవ్ పెడితే వెనక గోడ ఆసరా కూడా ఉండదు, నాలుగు వైపుల నుంచీ గాలి కొడుతుంది. ఐలాండ్‌ను కూరలు తరుక్కోవడానికి, కూర్చుని తినడానికి ఉంచుకుని, స్టవ్‌ను మిగిలిన గోడకు ఆనించడం మేలు. చిమ్నీ పనితనం చూడాలంటే ఒక అగరొత్తి చాలు. చిమ్నీ వేసి, ముందు బర్నర్ అంచున అగరొత్తి పట్టుకోండి. పొగ నిటారుగా లేచి లోపలికి మళ్లితే సరే. అంచు దాటి మన ముఖం వైపు వస్తే, ఫ్యాను ఆపి మళ్లీ చూడండి. తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది.

పట్టిన పొగను బయటికి చేర్చడం రెండో పని. బ్యాఫిల్ ఫిల్టర్‌లో గాలి వంకర దారుల్లో తిరుగుతుంది. బరువైన నూనె బిందువులు ఆ మలుపు తిరగలేక రేకుకు గుద్దుకుని కిందికి జారతాయి. మైక్రాన్ కన్నా చిన్నవి గాలితో పాటే తప్పించుకుపోతాయి. అందుకే గొట్టం ఇంటి బయటికి ఉండి తీరాలి. గొట్టం లేని చిమ్నీలో బొగ్గు ఫిల్టర్ వాసనను కొంత పీల్చుకుంటుంది. ఆవిరిని, గ్యాసు మంట నుంచి వచ్చే వాయువులను మాత్రం తిరిగి ఇంట్లోకే వదులుతుంది. గోడ లేని ఇంటికి అది పనికిరాదు.

గొట్టం విషయంలో చాలామంది మోసపోతారు. 15 సెంటీమీటర్ల నోరున్న యంత్రానికి చోటు చాలదని 10 సెంటీమీటర్ల గొట్టం తగిలిస్తారు. అంతే గాలి పోవాలంటే వేగం రెండుంపావు రెట్లు కావాలి. దానికి కావలసిన ఒత్తిడి ఐదు రెట్లు దాటుతుంది. మోటారు అంత నెట్టలేదు కాబట్టి గాలి తగ్గుతుంది, రొద పెరుగుతుంది. ముడతల అల్యూమినియం గొట్టాన్ని నలిపి మూడు మలుపులు తిప్పినా జరిగేది ఇదే. నున్నటి గొట్టం, దగ్గరి దారి, ఒకటి రెండుకు మించని మలుపులు కావాలి. ఇవన్నీ ఫాల్స్ సీలింగ్ వేయకముందే తేల్చుకోవాలి.

బయటికి పోయిన గాలికి సమానంగా గాలి లోపలికి రావాలి. తెరిచిన హాలు, వంటిల్లు కలిపి 30 చదరపు మీటర్లు, మూడు మీటర్ల ఎత్తు అనుకుందాం. అందులో 90 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు 1,000 ఘనపు మీటర్లు లాగే చిమ్నీ ఐదున్నర నిమిషాల్లో అంత గాలినీ బయట పోస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం బయట 38 డిగ్రీలు, హాల్లో ఏసీ 26 డిగ్రీలు పెట్టుకుంటే, ఆ వచ్చే గాలిని చల్లబరచడానికే దాదాపు 4 కిలోవాట్ల చల్లదనం కావాలి. టన్నున్నర ఏసీ సామర్థ్యంలో నాలుగింట మూడు వంతులు అక్కడికే పోతాయి. కిటికీలన్నీ బిగించేస్తే ఇంట్లో గాలి ఒత్తిడి తగ్గి, గ్యాసు గీజరు ఉన్న ఇళ్లలో దాని పొగ వెనక్కి తన్నే ప్రమాదముంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. చిమ్నీ వేసినప్పుడు స్టవ్‌కు దూరంగా ఉన్న ఒక కిటికీ కొంచెం తీసి ఉంచడం అందరూ అలవాటు చేసుకోవాలి.

మంటా, ఇండక్షనా?

ఒక కిలో ఎల్‌పీజీ కాలితే దాదాపు 1.6 కిలోల నీరు పుడుతుంది. అందులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల ఇది తప్పదు. ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండర్ ఖాళీ అయ్యేసరికి 22 లీటర్లకు పైగా నీరు ఆవిరిగా, 40 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వంటింట్లోకి వచ్చి ఉంటాయి. వీటికి తోడు మంట వేడికి గాలిలోని నైట్రోజన్ కొంత నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. అది ఊపిరితిత్తులకు, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవాళ్లకు చెరుపు.

ఇండక్షన్ స్టవ్‌లో కాలేదేమీ లేదు. గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో విద్యుత్తు సెకనుకు ఇరవై వేలసార్లకు పైగా దిశ మారుతుంది. దానితో పాటు మారే అయస్కాంత క్షేత్రం పైనున్న గిన్నె అడుగులో సుడి విద్యుత్తును పుట్టిస్తుంది. గిన్నె తానే వేడెక్కుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే దీనికి మూలం. రెండు లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించడానికి 586 కిలోజౌళ్లు కావాలి. మన దేశ ప్రమాణం గ్యాసు స్టవ్‌కు కనీసం 68 శాతం సామర్థ్యం ఉండాలంటుంది. ఆ లెక్కన దాదాపు 276 కిలోజౌళ్లు గిన్నె పక్కల నుంచి గదిలోకి పోతాయి. 87 శాతం సామర్థ్యమున్న ఇండక్షన్‌లో పోయేది 88 మాత్రమే. మంట చుట్టూ లేచే వేడిగాలి కూడా తగ్గుతుంది కాబట్టి చిమ్నీని తక్కువ వేగంతో నడిపినా సరిపోతుంది.

దీనికి హద్దులూ ఉన్నాయి. అడుగు చదునుగా ఉండాలి, అయస్కాంతం అంటుకోవాలి. ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బిళ్లను గిన్నె అడుగున పెట్టి చూస్తే చాలు. ఇనప దోసె పెనం చక్కగా పనిచేస్తుంది. సిల్వరు గిన్నె, ఇత్తడి గిన్నె, రాచ్చిప్ప, మట్టికుండ పనిచేయవు. వంకాయ కాల్చి పచ్చడి చేయాలన్నా, పుల్కా పొంగాలన్నా మంట కావాలి. అందుకని మన వంటకు రెండు గ్యాసు బర్నర్లు, ఒకటి రెండు ఇండక్షన్ పొయ్యిలు కలిపి పెట్టుకోవడం తెలివైన పని. పాలు, పప్పు, అన్నం, కాఫీ, చారు ఇండక్షన్ మీదికి పోతే మంట వెలిగే గంటలు సగానికి పైగా తగ్గుతాయి.

కరెంటు లెక్క మాత్రం ముందే చూసుకోవాలి. 2,000 వాట్ల ఇండక్షన్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్, విడి తీగ, మంచి ఎర్తింగ్ కావాలి. అదే సమయంలో ఏసీ, గీజరు, మైక్రోవేవ్ నడిస్తే మొత్తం ఎనిమిది కిలోవాట్లు దాటవచ్చు. మీటరుకు మంజూరైన లోడు అంత ఉందో లేదో గోడలు పూయకముందే ఎలక్ట్రీషియన్‌తో తేల్చుకోవాలి.

ఫ్రిజ్ ఎక్కడ నిలబడాలి?

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. దానికి ఖర్చయిన కరెంటు కూడా చివరికి వేడిగా మారి గదిలోకే చేరుతుంది. లోపల 4 డిగ్రీలు, బయట 30 డిగ్రీలు ఉంటే తేడా 26. అదే ఫ్రిజ్‌ను స్టవ్ పక్కన, గాలాడని అల్మారాలో ఇరికిస్తే చుట్టూ 40 డిగ్రీలవుతుంది, తేడా 36కు పెరుగుతుంది. తేడా పెరిగేకొద్దీ గోడల గుండా లోపలికి చొరబడే వేడి పెరుగుతుంది. ఆ వేడిని బయటికి ఎత్తిపోయవలసిన ఎత్తు కూడా పెరుగుతుంది. రెండూ కలిసి ఆదర్శ యంత్రంలో పని తేడా వర్గానికి అనుపాతంగా ఉంటుంది. 36ను 26తో భాగించి వర్గం చేస్తే 1.9. అంటే చుట్టూ గాలి పది డిగ్రీలు వేడెక్కితే శ్రమ దాదాపు రెట్టింపు. బీఈఈ స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాసి ఉంటుందో తప్పక చూడాలి. కానీ ఐదు నక్షత్రాల ఫ్రిజ్‌నైనా తప్పుచోట పెడితే ఆ లాభం చేజారిపోతుంది. స్టవ్‌కూ ఎండ పడే కిటికీకీ దూరంగా, వెనకా పైనా తయారీదారు చెప్పినంత ఖాళీ వదిలి నిలబెట్టాలి.

చప్పుడుకు లెక్క

డెసిబెల్ మెట్లు మామూలు మెట్లలాంటివి కావు. పది డెసిబెల్లు పెరిగితే మన చెవికి దాదాపు రెట్టింపు చప్పుడులా వినిపిస్తుంది. మీటరు దూరంలో మాట్లాడుకునే మాట 60 డెసిబెల్ల దగ్గర ఉంటుంది. చిమ్నీ గరిష్ఠ వేగంలో అంతే మోగితే మాట మునిగిపోతుంది. ఇక్కడ ఫ్యాన్ల నియమం మనకు మేలు చేస్తుంది. వేగం సగానికి తగ్గిస్తే గాలి సగానికి తగ్గుతుంది. ఖర్చయ్యే శక్తి ఎనిమిదో వంతుకు, చప్పుడు దాదాపు 15 డెసిబెల్లు పడిపోతాయి. అందుకే పెద్ద చిమ్నీ కొని నెమ్మదిగా, వంటకు ముందు నుంచీ తర్వాత పది నిమిషాల దాకా నడపడం, చిన్నది కొని గట్టిగా తిప్పడం కన్నా మంచిది.

మిక్సీకి ఈ దారి లేదు. చేతిలో పట్టేంత మోటారు కొబ్బరి పచ్చడిని నిమిషంలో రుబ్బాలంటే నిమిషానికి దాదాపు 18,000 నుంచి 20,000 చుట్లు తిరగాలి. బ్రష్‌ల రాపిడి, చల్లబరిచే ఫ్యాను, జారు కంపనం కలిసి ఆ రొద పుడుతుంది. వెట్ గ్రైండర్ మోటారు వేరు. అది రాళ్లను నెమ్మదిగా తిప్పుతుంది, పిండి వేడెక్కదు, రొద తక్కువ. మిక్సీ రోజుకు కొన్ని నిమిషాలే మోగుతుంది కాబట్టి దానికి మందు చోటు మార్చడం. యుటిలిటీలో ఒక గట్టు, ఒక సాకెట్ ఏర్పాటు చేసి తలుపు వేసుకుంటే సరి. ఫ్రిజ్ రాత్రింబవళ్లు మోగుతుంది కాబట్టి అది కొనేటప్పుడే నెమ్మదైనది కావాలి. ఇన్వర్టర్ కంప్రెసర్ అవసరాన్నిబట్టి వేగం మార్చుకుంటుంది, ఆగి ఆగి గుర్రుమనదు. నున్నటి టైల్స్, గాజు తలుపులు శబ్దాన్ని తిప్పికొడతాయి. మందపాటి తెరలు, గుడ్డ సోఫా దాన్ని మింగుతాయి.

డిష్‌వాషర్, నీళ్ల గుణం

తెరిచిన వంటింట్లో అంట్లు హాల్లోకి కనబడతాయి కాబట్టి డిష్‌వాషర్ మీద మనసు పోతుంది. దీని భవిష్యత్తు మన నీళ్ల మీద ఆధారపడుతుంది. భారతీయ తాగునీటి ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని సమ్మతిస్తుంది. వేరే నీరు దొరకనిచోట 600 దాకా ఒప్పుకుంటుంది. చాలా బోరు నీళ్లు ఇంత కఠినంగానే ఉంటాయి. నల్లా నీళ్లకూ, బోరుకూ, ట్యాంకరుకూ తేడా చాలా ఉంటుంది. యంత్రంలో ఉన్న రెసిన్ గింజలు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియం ఇస్తాయి. మనం పోసే ప్రత్యేక ఉప్పు ఆ గింజలను మళ్లీ సోడియంతో నింపుతుంది. నీళ్లు పరీక్ష చేయించి, ఆ అంకెను యంత్రంలో అమర్చుకోకపోతే గాజు గ్లాసుల మీద తెల్లపొర తప్పదు. సిల్వరు గిన్నెలు అందులో నల్లబడతాయి, ఇనప మూకుళ్లు తుప్పు పడతాయి. వాటిని చేత్తో కడుక్కోవడమే మేలు.

ఏ వరసలో?

షోరూములో అన్నిటికన్నా మెరిసేది ఫ్రిజ్ తలుపు. ఇంట్లో అన్నిటికన్నా పనిచేసేది కనబడని గొట్టం. అందుకని వరస ఇలా ఉండాలి: మొదట గొట్టం దారి, కరెంటు తీగలు, నీళ్ల పైపులు, డ్రెయినేజీ. తర్వాత స్టవ్, చిమ్నీ, రెండూ ఒకేసారి, ఒకదానికొకటి సరిపడేలా. ఆ తర్వాత ఫ్రిజ్‌కు, మిక్సీకి చోట్లు. చివర డిష్‌వాషర్, ఓవెన్ లాంటివి. ఇవి ఏడాది ఆగినా ఏమీ కాదు, వాటికి సాకెట్, పైపు సిద్ధంగా ఉంటే చాలు. డబ్బు చాలకపోతే క్యాబినెట్ల తలుపుల మీద తగ్గించుకోండి, గ్రానైట్ మీద తగ్గించుకోండి. ఇంటిల్లిపాదీ పీల్చే గాలి మీద మాత్రం తగ్గించుకోకండి.